పాడమని అనలేరు, పాడొద్దని అనగలరు

తెలుగులో ఆటగాడు అనే మాటకి ఎంత గౌరవం ఉందో, దాని స్త్రీలింగానికి అంత అగౌరవం ఉంది. ఆటవెలది అంటే నిఘంటువులు చెప్పే అర్థం నాట్యమాడే స్త్రీ, వేశ్య. మన భాషలో ఆట అనే ఒక్క మాటే క్రీడకీ నాట్యానికీ సరిపోతుంది. అయినా ఆడే మగవాడు వీరుడయ్యాడు, ఆడే ఆడది అంగట్లో నిలబడాల్సి వచ్చింది. అందుకే మన పత్రికలు సంస్కృతం అరువు తెచ్చుకుని ‘క్రీడాకారిణి’ అని మర్యాదగా రాస్తాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ క్రీడాకారిణి వేలంపాటలోకి వచ్చేసరికి అవే పత్రికలు ‘ఇన్ని లక్షలకు అమ్ముడుపోయింది’ అని రాయడానికి ఏమాత్రం తడబడవు.

2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదటి వేలంలో ఆదోని అమ్మాయి అంజలి శర్వాణిని యూపీ వారియర్స్ 55 లక్షలకు తీసుకుంది. 2025 నవంబరు 2న ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని అదే నెలలో ఢిల్లీ క్యాపిటల్స్ 1.3 కోట్లకు తీసుకుంది. ఇద్దరూ మా సీమ పిల్లలే కాబట్టి నంద్యాలలో మేమూ సంబరపడ్డాం. సంబరపడుతూనే ఆ ‘అమ్ముడుపోవడం’ దగ్గర నా మనసు ఆగింది. నిజానికి ఎవరూ అమ్ముడుపోలేదు. కొన్నాళ్లపాటు కొన్ని మ్యాచ్‌లు ఆడతామని ఒప్పుకున్నారు. పనికి ఒప్పుకోవడాన్ని అమ్ముడుపోవడం అని ఎందుకంటున్నాం? నేను బతికే నంద్యాలలో, ఇక్కడికి 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డలో ఈ రెండు మాటల మధ్య తేడా చెరిగిపోయిన చరిత్ర ఒకటి ఉంది. అది ఆటలది కాదు, పత్తి చేలది. దాని దగ్గరికి వచ్చే ముందు ఆటల చరిత్రనే కొంచెం తవ్వి చూడాలి.

ఆటగాళ్లకీ జట్లకీ మధ్య వచ్చే కాంట్రాక్టు తగాదాలని, ముఖ్యంగా ఫుట్‌బాల్ తగాదాలని, మనం మగవాళ్ల డబ్బు గొడవగా చూసి పేజీ తిప్పేస్తాం. నాకేమో ఆ తగాదాల మొదట్లోనే ఒక స్త్రీ కనిపిస్తుంది. ఆవిడ బంతి తన్నలేదు, పాట పాడింది.

1852లో లండన్‌లో హర్ మెజెస్టీస్ థియేటర్ నడిపే బెంజమిన్ లమ్లీ, జర్మన్ గాయని జోహానా వాగ్నర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మూడు నెలలు అతని థియేటర్‌లోనే పాడాలి, అతని అనుమతి లేకుండా ఇంకెక్కడా పాడకూడదు. ఆమెకి అప్పటికే పాతికేళ్లు దాటాయి, యూరప్ అంతా పేరుంది. అయినా ఆమె ఒప్పందాల వ్యవహారంలో తండ్రి ఆల్బర్ట్ వాగ్నర్ చెయ్యి ఉంది. కేసులో అతను కూడా ప్రతివాదే. ఇంతలో కోవెంట్ గార్డెన్ థియేటర్ నడిపే ఫ్రెడరిక్ గై ఎక్కువ డబ్బిస్తానన్నాడు. ఆమె అటు వెళ్లబోయింది. లమ్లీ కోర్టుకెక్కాడు. లార్డ్ సెయింట్ లియోనార్డ్స్ ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: ఆమెని లమ్లీ దగ్గర పాడమని కోర్టు బలవంతపెట్టలేదు, కానీ ఇంకొక చోట పాడొద్దని మాత్రం ఆదేశించగలదు.

పాడమని అనలేరు, పాడొద్దని అనగలరు! వినడానికి న్యాయంగానే ఉంటుంది. బలవంతపు చాకిరీ లేదు కదా అనిపిస్తుంది. కానీ పాటే బతుకుతెరువైన మనిషిని పాడొద్దంటే ఆమెకి మిగిలేవి రెండే దారులు. ఇష్టం లేని యజమాని దగ్గరికి తిరిగి వెళ్లాలి, లేదా నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ ఏడాది జోహానా లండన్‌లో ఎక్కడా పాడలేదు.

ఈ తీర్పు సముద్రాలు దాటింది. అమెరికాలో 19వ శతాబ్దపు కోర్టులు దీన్ని ఎవరిమీద ఎలా వాడాయో లీ వాండర్‌వెల్డె అనే న్యాయచరిత్రకారిణి 1992లో వివరంగా రాసింది. నటీనటులిద్దరూ ఒప్పందాలు దాటినా, కోర్టు నిషేధాలు ఎక్కువగా నటీమణుల మీదే పడ్డాయని ఆమె చూపించింది. మగవాడు స్వేచ్ఛగా పనిచేసుకునే పౌరుడు, అతన్ని కట్టెయ్యడం బానిసత్వంలా కనిపిస్తుంది. స్త్రీ ఎవరో ఒకరి అధీనంలో ఉండటం మామూలే కాబట్టి ఆమెని కట్టేస్తే ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. అలా ఆడవాళ్ల మీద అలవాటైన పద్ధతే తర్వాత ఆటగాళ్ల మీదికి వచ్చింది. 1902లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు బేస్‌బాల్ ఆటగాడు లాజోయ్‌ని పాత జట్టుకి తప్ప ఇంకెవరికీ ఆడొద్దన్నప్పుడు ఆ తీర్పు వెనక నిలబడి ఉన్నది జోహానా వాగ్నరే.

మన దేశానికి కూడా ఆవిడ వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 1877లో చేసిన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 57వ సెక్షన్‌లో ఈ సూత్రాన్ని వివరించడానికి ఇచ్చిన ఉదాహరణల్లో థియేటర్‌లో పాడటానికి పన్నెండు నెలలకు ఒప్పుకున్న మనిషి ఉదాహరణ ఉంది. 1963లో కొత్త చట్టం వచ్చినప్పుడు ఉదాహరణలు పోయాయి గానీ 42వ సెక్షన్‌గా సూత్రం అలాగే ఉండిపోయింది. చట్టంలోంచి గాయనిని తీసేశారు, ఆమె నోటికి వేసిన తాళాన్ని మాత్రం దాచుకున్నారు.

ఇక ఫుట్‌బాల్. ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడటాన్ని 1885లో ఒప్పుకున్నారు, 1888లో లీగ్ మొదలైంది. 1893 నుంచి ‘రిటైన్ అండ్ ట్రాన్స్‌ఫర్’ పద్ధతి వచ్చింది. దీని ప్రకారం ఆటగాడి కాంట్రాక్టు ఏడాదికి అయిపోయినా అతని రిజిస్ట్రేషన్ మాత్రం క్లబ్బు చేతిలోనే ఉంటుంది. క్లబ్బు వదలకపోతే అతను ఇంకో క్లబ్బుకి ఆడలేడు. జీతం ఇవ్వకుండా కూర్చోబెట్టినా దిక్కులేదు. దీనికి తోడు 1901లో వారానికి 4 పౌండ్లకు మించి ఎవరికీ ఇవ్వకూడదని పరిమితి పెట్టారు.

మా సీమలో జీతగాళ్ల గురించి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు. ఉగాదికి జీతానికి కుదిరినవాడు మళ్లీ ఉగాది దాకా ఆ ఇంటివాడే. మధ్యలో పోవడానికి లేదు. కానీ ఉగాది అంటూ ఒకటి వచ్చేది. ముందు తీసుకున్న డబ్బు తీరిపోతే కనీసం ఆ రోజు వేరే గడప చూసుకోవచ్చు. ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడికి, వేలమంది చప్పట్లు కొట్టే ఆ మనిషికి, ఆ ఉగాది కూడా లేకుండా పోయింది.

వాళ్లు ఊరుకోలేదు. 1907లో మాంచెస్టర్‌లో సంఘం పెట్టుకున్నారు. యాభై ఏళ్లకు పైగా జీతపు పరిమితి మీద కొట్లాడారు. చివరికి జిమ్మీ హిల్ నాయకత్వంలో సమ్మె చేస్తామని హెచ్చరించాక, 1961 జనవరిలో, అప్పటికి 20 పౌండ్లు ఉన్న పరిమితిని ఎత్తేశారు. రిటైన్ పద్ధతి మీద జార్జ్ ఈస్ట్‌హామ్ పోరాడాడు. 1960లో న్యూకాసిల్‌తో అతని కాంట్రాక్టు ముగిసింది. తిరిగి సంతకం పెట్టనన్నాడు. క్లబ్బు వదలనంది. అతను ఆట మానేసి స్నేహితుడి వ్యాపారంలో కార్కు అమ్ముతూ నెలలు గడిపాడు. ఆ తర్వాతే న్యూకాసిల్ 47,500 పౌండ్లు తీసుకుని అతన్ని ఆర్సెనల్‌కి పంపింది. తన పని తీరిపోయినా అతను కేసు వదల్లేదు. 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ ఈ పద్ధతి మనిషి వృత్తికి అన్యాయంగా అడ్డుపడుతోందని తీర్పు చెప్పాడు. అప్పటికీ ఆటగాడు మారితే పాత క్లబ్బుకి డబ్బు కట్టే పద్ధతి పోలేదు. కాంట్రాక్టు అయిపోయినవాడికి కూడా వెల కట్టడం తప్పని యూరప్ న్యాయస్థానం చెప్పడానికి 1995 డిసెంబరు 15 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తీర్పు తెచ్చిన బెల్జియం ఆటగాడు బోస్మన్ 1990 నుంచి కోర్టుల చుట్టూ తిరిగాడు. గెలిచేసరికి అతని ఆట అయిపోయింది.

ఈ చరిత్రంతా మగవాళ్లదే కదా అంటారేమో. ఆడవాళ్లు ఎందుకు లేరో అడగాలి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో ప్రెస్టన్ ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు డిక్ కెర్ లేడీస్ ఆడితే 53 వేలమంది చూశారు. యుద్ధకాలంలో మగవాళ్లు సరిహద్దులకి వెళితే ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనికి చేరిన కార్మిక స్త్రీల జట్టు అది. టిక్కెట్ల డబ్బు ఆస్పత్రులకీ దానధర్మాలకీ వెళ్లేది. పని పోగొట్టుకున్నందుకు వాళ్లకి మ్యాచ్‌కి 10 షిల్లింగులు ముట్టేవి. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లని ఆడనివ్వకూడదని తీర్మానించింది. ఈ ఆట స్త్రీలకు తగదన్నారు. వసూలైన డబ్బులో ఎక్కువ భాగం ఖర్చులకు పోతోందని కూడా అన్నారు. అంటే ఆడవాళ్లు ఆడటమొక తప్పు, ఆడినందుకు నాలుగు రాళ్లు తీసుకోవడం ఇంకో తప్పు! ఆ నిషేధం సుమారు యాభై ఏళ్లు నడిచింది. మగవాళ్లు చెడ్డ ఒప్పందాన్ని మార్చడానికి పోరాడిన ఆ యాభై ఏళ్లూ స్త్రీలకి మార్చుకోవడానికి ఒప్పందమే లేదు.

మన దగ్గర కథ వేరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. ఆ ఆటగాళ్లకి కాంట్రాక్టులు లేవు, ఉద్యోగాలున్నాయి. పోలీసు కొలువే వాళ్ల ఒప్పందం. ఆట ఆగిపోయినా జీతం ఆగదు. బీద ముస్లిం ఇళ్ల నుంచీ, బస్తీల నుంచీ వచ్చిన కుర్రాళ్లకి అది కొండంత అండ. ఆడవాళ్లకి ఆ అండ చాలా ఆలస్యంగా, ముఖ్యంగా రైల్వేల ద్వారా దొరికింది. మిథాలీ రాజ్ తరం క్రికెటర్లు నిలబడ్డది రైల్వే ఉద్యోగాల మీదే. బోర్డు మహిళలకి మొదటిసారి వార్షిక కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో. మగవాళ్లకు అవి దాదాపు పదేళ్ల ముందే వచ్చాయి. మ్యాచ్ ఫీజు సమానం చేస్తామన్నది 2022 అక్టోబరులో. వార్షిక కాంట్రాక్టుల మొత్తాలకి ఆ సమానత్వం వర్తించలేదు.

తర్వాత లీగులొచ్చాయి, కాంట్రాక్టులొచ్చాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సి 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిల వార్తలు మొదలయ్యాయి. ఆటగాళ్ల ఫిర్యాదుల మీద ఫిఫా ఆ క్లబ్బు కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24 సీజన్ మధ్యలో ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్బు ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. అదే ఏడాది ఆగస్టులో లీగు భవిష్యత్తే అయోమయంలో పడ్డప్పుడు, బెంగళూరు, చెన్నై క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు ఆపేశాయి. జోహానాని కట్టేసిన తాడుకి రెండో కొస ఇది. ఒప్పందం దాటితే ఆటగాడిని ఆడకుండా ఆపడానికి చట్టముంది. యజమాని ఒప్పందం దాటితే ఆటగాడు ఫిర్యాదు పెట్టుకుని ఎదురుచూడాలి. ఈలోగా అతని వయసు కరిగిపోతూ ఉంటుంది. ఆట మీద బతికేవాళ్లకి వయసే పెట్టుబడి కదా!

మన చట్టంలో ఒక మంచి గోడ ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందాలు చెల్లవంటుంది. క్రికెటర్ జహీర్ ఖాన్‌కీ అతని వ్యాపార వ్యవహారాలు చూసిన కంపెనీకీ మధ్య వచ్చిన తగాదాలో 2006లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదే నిలబడింది. ఒప్పందం గడువు ముగిశాక కూడా అతన్ని కట్టి ఉంచే షరతు చెల్లదంది. గడువు లోపల కట్టెయ్యవచ్చు, గడువు దాటాక కుదరదు. అంటే ప్రశ్నంతా ఆ గడువు ఎవరు నిర్ణయిస్తున్నారు, దాని కింద ఎవరు సంతకం పెడుతున్నారు అన్నదే.

ఇక్కడే నేను నంద్యాల, ఆళ్లగడ్డ దగ్గరికి వస్తున్నాను.

నల్లమల, ఎర్రమల కొండల మధ్య కుందూ నది పారే ఈ నల్లరేగడి పత్తికి పుట్టిల్లు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఇచ్చిన నరసింహ రకం పత్తి రైతులందరికీ తెలుసు. 1970లో గుజరాత్‌లో మొదటి హైబ్రిడ్ పత్తి వచ్చాక హైబ్రిడ్ విత్తనం తయారుచేసే పని క్రమంగా ఈ వైపుకి పాకింది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ చుట్టుపక్కల సీడు పత్తి చేలు వచ్చాయి. ఈ చేలలో క్రాసింగ్ అనే పని ఉంటుంది. సాయంత్రం ఆడ మొక్క మొగ్గని విప్పి, లోపలి పుప్పొడి తిత్తులు ఒక్కటి కూడా మిగలకుండా గిల్లి తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ప్రతి పువ్వుకీ, ప్రతి రోజూ, నెలల తరబడి. యంత్రం చెయ్యలేని పని ఇది. ఆ పని చేసింది చిన్న ఆడపిల్లలు.

2000 దశాబ్ది మొదటి ఏళ్లలో దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు ఈ చేల మీద చేసిన అధ్యయనాలు ప్రపంచం దృష్టికి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు రెండున్నర లక్షలమంది పిల్లలు ఈ పనిలో ఉన్నారనీ, అందులో ఎక్కువమంది ఆడపిల్లలనీ అవి చెప్పాయి. ఎందుకు ఆడపిల్లలంటే, వాళ్ల వేళ్లు సన్నవి, మొక్క ఎత్తుకి సరిపోతారు, మాట వింటారు అనేవాళ్లు. అసలు కారణం కూలి. పెద్ద ఆడవాళ్లకి ఇచ్చేదానికన్నా వాళ్లకి తక్కువ ఇస్తే చాలు.

ఇందులో ఒప్పందాల వరస చూడండి. పైన విత్తన కంపెనీ. దానికి కింద ఆర్గనైజరు. ఆర్గనైజరుకీ కంపెనీకీ మధ్య కాగితం ఉంటుంది. ఆర్గనైజరు కింద రైతు. మూల విత్తనం కంపెనీదే, కొనే ధర కంపెనీదే, నాణ్యత పరీక్షలో తప్పిందని తిప్పి పంపే హక్కు కంపెనీదే. రైతు కింద పిల్ల తల్లిదండ్రులు. ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడో, జబ్బు చేసినప్పుడో, పెళ్లి వచ్చినప్పుడో అడ్వాన్సు తీసుకుంటారు. ఆ అడ్వాన్సు తీరేదాకా, కనీసం క్రాసింగ్ అయ్యేదాకా, పిల్ల ఆ చేనికే వెళ్లాలి. పక్క చేనివాళ్లు ఎక్కువిస్తామన్నా వెళ్లకూడదు, బడికీ వెళ్లకూడదు. ఇన్ని మెట్లున్న ఒప్పందంలో, అందరికంటే ఎక్కువ పనిచేసే మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. పిల్లకి సంతకం లేదు, సంతకానికి వయసూ లేదు. కానీ ఒప్పందాన్ని మోసింది ఆ పదేళ్ల వేళ్లే.

చట్టం లేక కాదు. 1933లోనే పిల్లల శ్రమ తాకట్టు చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకుని పిల్లల పనిని తాకట్టు పెట్టే ఒప్పందం చెల్లదని అది చెప్పింది. పిల్ల పనికి న్యాయమైన కూలి తప్ప ఇంకే ప్రతిఫలమూ ఉండకూడదనీ, వారం రోజుల నోటీసుతో మానుకునే వీలుండాలనీ అంది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1986లో బాలకార్మిక చట్టం వచ్చాయి. వారం నోటీసుతో మానుకునే హక్కు! బోస్మన్ కంటే అరవై ఏళ్ల ముందు, ఈస్ట్‌హామ్ కంటే ముప్పై ఏళ్ల ముందు, ఆళ్లగడ్డ పత్తి చేలో పిల్లకి ఆ హక్కు కాగితం మీద ఉంది. ఆ పిల్ల తరఫున కోర్టుకి వెళ్లే క్లబ్బు గానీ సంఘం గానీ లేదు. కదిలించింది వేరే వాళ్లు. ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలు పిల్లల్ని బళ్లకి పంపే ఉద్యమం నడిపాయి, విదేశాల్లోని సంఘాలు కంపెనీలను నిలదీశాయి. 2005 నాటికి కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతులకి ధర మీద 5 శాతం బోనస్ ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. పిల్లల సంఖ్య తగ్గింది. అప్పటి పదేళ్ల పిల్లలకి ఇప్పుడు పెళ్లీడు కూతుళ్లున్నారు. మా ఊరి కాలేజీల్లో చదివే అమ్మాయిల అమ్మల్లో క్రాసింగ్‌కి వెళ్లినవాళ్లు ఎంతోమంది.

కోట్లు తీసుకునే ఆటగాడినీ పత్తి చేలో పిల్లనీ ఒక్క గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఈస్ట్‌హామ్ కార్కు అమ్ముకుని బతకగలిగాడు. చేనికి పోనంటే ఆ పిల్ల ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ ఇద్దరినీ కట్టిన ముడి వేసే తీరు ఒక్కటే. పని మనిషి దేహంలో ఉన్నప్పుడు, పనిని కొనుక్కున్నవాడు దేహాన్నే కొన్నాననుకుంటాడు. ఆ దేహం ఆడదైతే తండ్రో, మేనేజరో, ఆర్గనైజరో మధ్యలో నిలబడి సంతకం పెడతాడు. అందుకే మన పత్రికలకి ‘అమ్ముడుపోయింది’ అనే మాట అంత సులువుగా దొరుకుతోంది.

ఇటీవలి మహిళా ఫుట్‌బాల్ తగాదాలు నాకు ముఖ్యంగా కనిపించేది ఇందుకే. వాళ్లు తమ దేహం తమదేనని ఒప్పందంలోనే రాయించుకుంటున్నారు. అది తేలిగ్గా కుదరలేదు. 2019 మార్చిలో అమెరికా జాతీయ జట్టుకి చెందిన 28 మంది సమాన వేతనం కోసం తమ సమాఖ్య మీద దావా వేశారు. 2020లో జడ్జి వేతనాల విషయం కొట్టేశాడు. మగవాళ్లలాగా మ్యాచ్ లెక్కన తీసుకునే పద్ధతిని మీరే వద్దన్నారు కదా, స్థిరమైన జీతం, బీమా, ఇతర రక్షణలు మీరే కోరుకున్నారు కదా అన్నాడు. గాయమైతే ఎలా, కడుపుతో ఉంటే ఎలా అని ఆలోచించి భద్రత అడగడం స్త్రీల తప్పయింది! ఆ జాగ్రత్తనే వాళ్ల సొంత ఎంపికగా చూపించి వాళ్లకే ఎదురు పెట్టారు. వాళ్లు అప్పీలు చేశారు. 2022 ఫిబ్రవరిలో 2 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది, ఆ ఏడాదే సమాన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. స్పెయిన్‌లో 2023 సెప్టెంబరులో ప్రపంచ కప్ గెలిచిన కొద్ది రోజులకే లీగు అమ్మాయిలు సమ్మె చేసి, కనీస వార్షిక వేతనాన్ని 16 వేల యూరోల నుంచి 21 వేలకి పెంచుకున్నారు.

ఐస్‌లాండ్ కెప్టెన్ సారా బియోర్క్ గున్నార్స్‌దొత్తిర్ కేసు మాత్రం ప్రతి స్త్రీకీ తెలియాలి. ఫ్రాన్స్‌లో లియాన్ జట్టుకి ఆడుతూ 2021లో ఆమె గర్భవతి అయింది. ఇంటికి వెళ్లాక జీతం సరిగా రాలేదు. అదే ఏడాది జనవరి 1 నుంచి ఫిఫా కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, ఆ కాలానికి జీతంలో మూడింట రెండొంతులు, గర్భం కారణంగా తీసేస్తే శిక్ష. ఆమె ఆటగాళ్ల సంఘం సాయంతో ఫిర్యాదు చేసింది. 2022లో ఫిఫా ట్రిబ్యునల్ క్లబ్బు ఆమెకి 82 వేల యూరోలకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ఆ మొత్తం ఆ స్థాయి ఆటలో పెద్దదేం కాదు. కానీ ఫుట్‌బాల్ కాంట్రాక్టు అనే కాగితానికి ఆటగాళ్లలో బిడ్డని కనే మనుషులు కూడా ఉంటారని తెలిసింది అప్పుడే.

మన దేశంలో 2017లో మొదలైన మహిళల లీగ్ తొలి తుది దశ మూడు వారాలు కూడా నడవలేదు. మూడు వారాల ఆటకి ఏ కాంట్రాక్టు రాస్తారు? మిగతా ఏడాదంతా ఆ అమ్మాయి ఏం తింటుంది? 2023లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అగ్రశ్రేణి మహిళా క్లబ్బులు కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని నిర్ణయించింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌తో సంతకం చేసింది. వీటిని చిన్నవి అనను. కానీ కనీస మొత్తం రాసిన నియమంలో ప్రసవం గురించీ, గాయం గురించీ, వేధింపు గురించీ, జీతం ఆగితే ఎన్నాళ్లలో విడిచిపోవచ్చో దాని గురించీ ఏం రాస్తున్నారన్నది మనం అడిగి తెలుసుకోవాలి.

స్త్రీల చరిత్ర రాసే మనం కథల్లో, ఆత్మకథల్లో, పాటల్లో వెతుకుతాం. కాంట్రాక్టు కాగితాల్లో వెతకడం తక్కువ. మగవాళ్ల భాష అనీ, కోర్టుల భాష అనీ వాటిని పక్కన పెట్టేస్తాం. జోహానా వాగ్నర్ పాట మనం వినలేం, ఆమె నోరు మూయించిన కాగితం మాత్రం దొరికింది. సీడు పత్తి చేలలో పనిచేసిన పిల్లలకి ఆ కాగితం కూడా లేదు. అడ్వాన్సు లెక్కలు రైతుల చిట్టాల్లో తండ్రుల పేర్ల మీద ఉండి ఉంటాయి. వాళ్ల చరిత్ర రాయాలంటే నంద్యాల, ఆళ్లగడ్డ ఊళ్లలో ఇప్పుడు ముప్పైల్లో, నలభైల్లో ఉన్న ఆ స్త్రీల దగ్గర కూర్చుని అడగాలి. ఎంత అడ్వాన్సు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీరింది, మానేస్తానంటే ఏమైంది? ఇవే ప్రశ్నలు ఈ రోజు ఏ ఆడపిల్ల ఏ జట్టుతో సంతకం పెట్టినా అడగాలి. సంతకం తనదేనా? గడువు ఎప్పటికి? డబ్బు ఆగితే తను వెళ్లిపోవచ్చా? కడుపు పండితే తన చోటు తనకుంటుందా?

వీటికి సరైన జవాబులు రాయించుకున్న నాడు మన పత్రికలు ‘అమ్ముడుపోయింది’ అనే మాట మానుకుంటాయని నేననుకోను. అది మనమే మానిపించాలి. ఫలానా అమ్మాయి ఫలానా జట్టుతో ఒప్పందం చేసుకుంది అని రాయడానికి అక్షరాలు కొన్ని ఎక్కువవుతాయి, అంతే.